సక్కర్ వద్దు, నత్త ముద్దు

చిన్న అక్వేరియంలో పాచి తినడానికి ఏ జీవిని తేవాలో తేల్చుకోవాల్సింది దుకాణదారు కాదు, ఇంటి యజమాని. తప్పు ఎంపిక మూల్యం గాజుపెట్టెతో ఆగడం లేదు

కోల్‌కతా గ్యాలిఫ్ స్ట్రీట్‌లో ఆదివారం సంత కావచ్చు, చెన్నై కొళత్తూరులో రంగుచేపల దుకాణాల వరుస కావచ్చు, ముంబై క్రాఫర్డ్ మార్కెట్ కావచ్చు, హైదరాబాద్‌లో ఏదో కాలనీ మలుపులోని చిన్న షాపు కావచ్చు. సంభాషణ మాత్రం ఒకేలా సాగుతుంది. ‘‘అద్దమంతా పచ్చగా పాచి పడుతోందండీ, ఏం చేయాలి?’’ అని కొనేవారు అడుగుతారు. దుకాణదారు మరో మాట లేకుండా చిన్న వల తీసి, మూలన గాజుకు నోరు అంటించుకుని ఉన్న మచ్చల చేపనొకదాన్ని పట్టి ప్లాస్టిక్ సంచిలో వేస్తాడు. ‘‘సక్కర్ సార్. మొత్తం క్లీన్ చేసేస్తుంది. దీనికి వేరే మేత కూడా అక్కర్లేదు.’’ రెండంగుళాల చేప. ధర టిఫిన్ ఖర్చుకు మించదు. ఇంత చవగ్గా పనివాడు దొరుకుతుంటే ఎవరు కాదంటారు?

ఆ మాటల్లో నిజం పాలు చాలా తక్కువ. మన దుకాణాలు సక్కర్ అని పిలిచే ఈ చేప సొంతూరు దక్షిణ అమెరికా. అమెజాన్, ఒరినోకో వంటి నదుల్లో పుట్టిన జాతులివి. శాస్త్రీయ నామం టెరిగోప్లిక్తిస్. పొలుసులకు బదులు ఒంటినిండా ఎముక పలకల కవచం, తెరచాపలా లేచే వీపు రెక్క, పొట్టవైపు గిన్నెలాంటి నోరు. చిన్నతనంలో పాచి తింటుంది, కాదనలేం. కానీ అది చిన్నగా ఉండిపోయే చేప కాదు. చోటు, మేత సరిగ్గా దొరికితే అడుగు దాటుతుంది, అడుగున్నర దాకా కూడా పెరుగుతుంది. మధ్యతరగతి ఇంట్లో హాల్లో కనిపించే ట్యాంకు సాధారణంగా రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుల దాకా నింపినా పట్టేది 55 లీటర్ల చిల్లర. అందులో అడుగున్నర చేపను పెంచడమంటే స్నానాలగదిలో గేదెను కట్టేయడమే.

పెరిగేకొద్దీ దానికి పాచి మీద మోజు కూడా తగ్గుతుంది. మిగతా చేపల కోసం వేసే గింజల మేత మీదికి మనసు మళ్లుతుంది. ఎంత తింటుందో అంతా దారాలు దారాలుగా అడుగున వదులుతుంది. ఆ మలమే మళ్లీ పాచికి ఎరువు. అంటే పాచిని తగ్గించడానికి తెచ్చిన చేపే పాచి పంటకు నారు పోస్తుందన్నమాట. రాత్రిళ్లు మొక్కలను పెళ్లగించడం, గులకరాళ్లను దొర్లించడం అదనం.

ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. ట్యాంకులో పట్టనంత పెరిగిన సక్కర్‌ను ఏం చేస్తారు? చంపడానికి చేతులు రావు. తినడానికి అలవాటు లేదు. ప్రాణం ఉన్న జీవి కదా అని జాలిపడి, బకెట్లో వేసుకెళ్లి దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. పుణ్యం కోసం చేసే ఈ పని ఎంత పాపమో ఇప్పుడు జాలర్ల వలలు చెబుతున్నాయి. కోల్‌కతా తూర్పున మురుగునీటితో చేపలు పెంచే చిత్తడి నేలల్లో ఈ చేప స్థిరపడింది. 2020లో వారణాసి దగ్గర గంగలో పట్టుబడింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జాలర్లు దీనికి దెయ్యం చేప అని పేరు పెట్టారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్ఏ ఆనవాళ్లను బట్టి ఏ చెరువులో ఏ జీవి ఉందో పసిగట్టే పద్ధతిని ఈ చేప మీద ప్రయోగించారు. తూర్పు కనుమల్లో పరిశీలించిన జలవనరుల్లో దాదాపు 60 శాతంలో ఇది ఉన్నట్టు తేలిందని 2024లో వెల్లడించారు. అమెజాన్ నుంచి తూర్పు కనుమలకు ఈ చేప ఈదుకుంటూ రాలేదు. అక్వేరియంల దారిలోనే వచ్చింది.

జాలరికి దీనితో పడే కష్టం వేరు. మొప్పల పక్క రెక్కలకూ వీపు రెక్కకూ ఉన్న గట్టి ముళ్లు వలలో చిక్కుకుంటే చేపను విడిపించాలి, లేదా వలను కోయాలి. కొనేవాడు ఉండడు కాబట్టి పట్టుబడిన చేపకు విలువ లేదు, చిరిగిన వలకు మాత్రం ఖర్చుంది. గుడ్ల కోసం చెరువు గట్ల మట్టిని తవ్వి సొరంగాలు చేస్తుంది. నీళ్లు తగ్గితే పొట్టతో గాలి పీల్చుకుని బతుకుతుంది. గట్టున పడేసినా గంటల తరబడి చావదు. దేశవాళీ చేపలకు దక్కాల్సిన తిండీ చోటూ దీని పాలవుతాయి. పొరుగున ఉన్న బంగ్లాదేశ్ విసిగి, 2023లో ఈ చేప దిగుమతి, పెంపకం, అమ్మకాలన్నిటినీ నిషేధించింది. మన దగ్గర మాత్రం రెండంగుళాల పిల్లలుగా ఇంటింటికీ చేరుతూనే ఉంది.

మరి పాచి సంగతేమిటి? ముందు ఒక మాట ఒప్పుకోవాలి. పాచి రోగం కాదు, లక్షణం. వెలుతురు ఎక్కువైనా, నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ వంటి పోషకాలు పోగుపడినా అది వస్తుంది. చేపలు తిన్నది పోగా మిగిలిన మేత కుళ్లి పోషకాలవుతుంది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టం, ప్రతి పిల్లవాడు చిటికెడు చొప్పున మేత వేస్తే చేపలు లావెక్కవు, అద్దం పచ్చబడుతుంది. వాస్తు చెప్పేవారు అక్వేరియాన్ని ఈశాన్యంలో పెట్టమంటారు. కిటికీ కూడా అటే ఉంటే పొద్దుటి ఎండ నేరుగా ట్యాంకు మీద పడుతుందన్న సంగతి మాత్రం చెప్పరు. చాలా ఇళ్లలో పాచి మూలం ఆ కిటికీయే. లైటు రోజుకు ఆరేడు గంటలకు మించకుండా, ఎండ పడకుండా, మేత రెండు నిమిషాల్లో అయిపోయేంతకు మించకుండా, వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చుతూ నెల్లాళ్లు గడిపితే సగం ఇళ్లలో ఏ జీవినీ తేవాల్సిన అవసరమే రాదు. పాత ఏటీఎం కార్డుతో గీకితే పోయే పాచి కోసం ప్రాణమున్న జీవిని కొనుక్కు రావడం ఎందుకన్న ప్రశ్న వేసుకోదగ్గదే.

పాచి ఏ రకమో చూడకుండా జీవిని తెచ్చినా డబ్బు దండగే. కొత్త ట్యాంకులో మొదటి కొన్ని వారాలు గోధుమరంగు పొడిలా పరుచుకునేది డయాటమ్‌ల పొర. చాలావరకు దానంతటదే తగ్గుతుంది, ఎవరు పెట్టినా తింటారు. అద్దం మీద గట్టి పచ్చ చుక్కలు వేరు, వాటిని గీకగల నోరు కొన్ని నత్తలకే ఉంది. మొక్కల ఆకుల అంచున నల్లటి గడ్డంలా వేలాడేది, చూడటానికి ఎలా ఉన్నా, ఎర్ర నాచు కుటుంబానికి చెందింది. దాన్ని తినేవి అరుదు. నీళ్లే పచ్చిమిరప చట్నీలా మారితే చేపగానీ నత్తగానీ చేయగలిగింది శూన్యం. ట్యాంకు మీద మందపాటి గుడ్డ కప్పి మూడు నాలుగు రోజులు చీకట్లో ఉంచి, నీళ్లు మార్చడమే మందు. నీలిపచ్చ రంగులో చాపలా చుట్టుకుని, ముక్కు మూసుకునేలా కంపు కొట్టేది అసలు పాచే కాదు, బ్యాక్టీరియా. దాన్ని తినే జీవి కోసం వెతకడం వృథా. చేత్తో తీసేసి, నీటి కదలిక పెంచాలి.

ఇవన్నీ అయ్యాక కూడా ఒక సహాయకుడు కావాలనుకుంటే, 50 లీటర్ల ట్యాంకుకు మొదట తలచుకోవాల్సింది నెరైట్ నత్త. మన దుకాణాల్లో దీనికి పెద్ద పేరు లేదు. అంగుళానికి మించి పెరగదు. పులి చారలు, జీబ్రా చారలు, చిన్న కొమ్ములు, ఇలా రకరకాల గుల్లలతో వస్తుంది. గాజు మీది గట్టి పచ్చ చుక్కలను కూడా నాలుక మీది వరుస పళ్లతో గీకి తింటుంది. ఆకుల జోలికి పోదు. అన్నిటికన్నా పెద్ద సుగుణం వేరే ఉంది. దీని పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. మంచినీటి ట్యాంకులో గుడ్లు పెడుతుంది, అవి పిల్లలు కావు. సంసారం పెరిగి ట్యాంకు నత్తలమయం అవుతుందన్న భయం లేదు. ఇది కొత్త జీవి కూడా కాదు. ఈ కుటుంబంలోని నత్తలు మన తీరాల మడ అడవుల్లో, నదులు సముద్రంలో కలిసేచోట బురదకూ వేళ్లకూ అంటుకుని ఉంటాయి. ఇబ్బంది ఒకటే. నువ్వు గింజల్లాంటి తెల్లటి గుడ్లను అద్దానికీ కర్రకూ అతికిస్తుంది, అవి గీకినా తొందరగా రావు. అందం చెడిందని చిరాకుపడే వాళ్లకు ఇది నచ్చదు.

నత్తకు నీళ్లు గట్టిగా ఉండాలి. ఇక్కడ తెలుగువాళ్లకు అనుకోని లాభం ఉంది. బకెట్లకూ కుళాయిలకూ తెల్లటి పొర కట్టించే బోరు నీళ్లు గృహిణులకు శత్రువు కావచ్చుగానీ నత్త గుల్లకు అందులోని కాల్షియమే బలం. తాగడానికి బాగున్నాయి కదా అని క్యాన్ నీళ్లు, ఆర్‌వో నీళ్లు పోస్తే కొన్నాళ్లకు గుల్ల అంచులు తెల్లబడి, గుంతలు పడి అరిగిపోతాయి. నల్లా నీళ్లయితే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయకుండా పోయకూడదు. మరో హెచ్చరిక చేపల మందులకు సంబంధించింది. తెల్లమచ్చ జబ్బుకు అమ్మే కొన్ని మందుల్లో రాగి ఉంటుంది. చేపను బతికించే ఆ మందే నత్తనూ రొయ్యనూ చంపేస్తుంది. సీసా మీద రాసింది చదివాకే మూత తీయాలి. నెరైట్‌కు గోడలెక్కే అలవాటు ఉంది కాబట్టి ట్యాంకుకు మూత కూడా తప్పనిసరి. లేకపోతే తెల్లారి సోఫా కింద దొరుకుతుంది.

అక్వేరియం ప్రియుల్లో అందరికన్నా మంచి పేరున్న పాచి కార్మికుడు మాత్రం రొయ్యే. ఆ పేరు తెచ్చింది జపాన్‌కు చెందిన తకాషి అమానో. ఫొటోగ్రాఫర్. గాజుపెట్టెలో అడవినీ కొండనూ దిద్దే కళకు ప్రపంచమంతా అభిమానులను సంపాదించి 2015లో కన్నుమూశారు. 1980లలో ఆయన తన ట్యాంకుల్లో పాచి ఏరడానికి వాడిన రెండంగుళాల రొయ్యను ఇప్పుడు ఆయన పేరుతోనే అమానో రొయ్య అంటున్నారు. దారాల్లా పెరిగే నాచును దూది ఏకినట్టు ఏకి తింటుంది. దీని పిల్లలకు కూడా ఉప్పునీళ్లు కావాలి కాబట్టి ఇంట్లో సంతతి పెరగదు. ఇంకాస్త చవకైనది ఎర్రటి చెర్రీ రొయ్య. అంగుళం ఉంటుంది, అమానో అంత పనిమంతురాలు కాదుగానీ మంచినీళ్లలోనే పిల్లలు పెడుతుంది. పది తెస్తే ఆరునెలల్లో లెక్క తప్పుతుంది.

రొయ్యల గురించి రాసే పుస్తకాలన్నీ చల్లటి దేశాల్లో రాసినవి కావడమే మనకు చిక్కు. నీళ్లు 28 డిగ్రీలు దాటాయంటే వీటికి ఇబ్బంది మొదలవుతుంది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని హాల్లో ట్యాంకు నీళ్లు ఎంత వేడెక్కుతాయో వేలు పెట్టి చూస్తే చాలు. వేడి నీటిలో ప్రాణవాయువు కూడా తక్కువగా కరుగుతుంది. మూత తీసి, జాలీ వేసి, నీటి ఉపరితలం మీదికి చిన్న టేబుల్ ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. తరిగిన నీళ్లను రోజూ నింపాల్సి ఉంటుంది. బెంగళూరులోనో ఊటీలోనో ఉన్నవాళ్లకు రొయ్యలు హాయి. కోస్తా జిల్లాల్లో, కరెంటు కోతలున్న ఊళ్లలో ఉన్నవాళ్లు నత్తతో సరిపెట్టుకోవడం మేలు. ఇంకో సంగతి. నోట్లో పట్టే ప్రతిదాన్నీ చేప తింటుంది. ఫైటర్ చేప, ఏంజెల్, గోల్డ్‌ఫిష్ ఉన్న ట్యాంకులో చెర్రీ రొయ్యలు వేయడమంటే వాటికి విందు పెట్టడమే.

చేపే కావాలని పట్టుబట్టేవారికి ఒటోసింక్లస్ అనే ఒకటిన్నర అంగుళాల పిల్లిచేప ఉంది. సక్కర్‌కు దూరపు చుట్టం, కానీ జీవితాంతం అంతే సైజు. ఆకుల మీది మెత్తటి పాచిని నాకి శుభ్రం చేస్తుంది. దీని కష్టమంతా ప్రయాణంలో ఉంది. ఎక్కువభాగం ఇప్పటికీ దక్షిణ అమెరికా నదుల్లో పట్టి పంపేవే. చేతులు మారి ఇక్కడికొచ్చేసరికి చాలావాటి కడుపులు లోపలికి పోయి ఉంటాయి. కాబట్టి షాపులో పొట్టవైపు చూసి, గుండ్రంగా ఉన్నవాటినే ఎంచుకోవాలి. ఒంటరిగా బెంగపెట్టుకుంటుంది, కనీసం ఆరు ఉండాలి. కొత్త ట్యాంకులో వేయకూడదు. కనీసం మూడు నెలలు నడిచి, ఎంతో కొంత పాచి ఉన్న ట్యాంకే దానికి ఇల్లు. పాచి అయిపోయాక ఉడికించిన కీరదోస ముక్కో పాలకూర ఆకో వేయాలి. ‘వేరే మేత అక్కర్లేదు’ అన్న షాపు మాట నమ్మి ఆకలితో చంపిన వాటిలో ఇదే మొదటిది అయి ఉంటుంది.

ట్యాంకు రెండున్నర, మూడడుగులు ఉంటే బ్రిజిల్‌నోజ్ బాగుంటుంది. సక్కర్ చేయాల్సిన పనంతా చేస్తుంది, అయిదంగుళాల దగ్గర ఆగిపోతుంది. మగదాని ముఖం మీద మీసాల్లాంటి కండ పోగులు మొలుస్తాయి, అందం మాట అటుంచితే గుర్తుపట్టడం తేలిక. నమలడానికి ఒక చెక్క మొద్దు వేస్తే సంతోషిస్తుంది. రెండడుగుల ట్యాంకులో ఒక్కటి సర్దుకోవచ్చు, రెండు మగవైతే కొట్లాటే.

నల్లగడ్డం నాచును తినే చేప సయామీస్ ఆల్గే ఈటర్. ఆ పేరుతో షాపుల్లో ఇచ్చేది చాలాసార్లు అది కాదు. అసలుదానికి ఒంటి పొడవునా సాగే నల్లచార తోక చివరిదాకా వెళ్తుంది, నకిలీకి తోక మొదట్లోనే ఆగిపోతుంది. అసలుదైనా అయిదారు అంగుళాలు పెరిగి ఈతకు చోటడుగుతుంది, చిన్న ట్యాంకుకు నప్పదు. బంగారు రంగులో మెరుస్తూ ఊరించే చైనీస్ ఆల్గే ఈటర్‌ను మాత్రం చిన్న ట్యాంకులోకి రానివ్వకూడదు. పేరులో చైనా ఉన్నా ఎక్కువగా థాయ్‌లాండ్, మెకాంగ్ నది ప్రాంతాల చేప. పెద్దదయ్యాక పాచిని మరిచి, పక్క చేపల ఒంటికి నోరు అంటించి జిగురుపొరను పీల్చడం మొదలుపెడుతుంది. ఏంజెల్, గోల్డ్‌ఫిష్ లాంటి నిదానపు చేపల ఒంటి మీద గుండ్రటి పుండ్లు పడితే అనుమానించాల్సింది దీన్నే.

ఇవేవీ దొరకని ఊళ్లో ఉన్నవాళ్లకు ఒక చవకైన దారి ఉంది. నల్ల మోలీ. చిన్న పట్టణంలో కూడా దొరుకుతుంది. గట్టి బోరు నీళ్లంటే ఇష్టం, మన ఎండలకు తట్టుకుంటుంది, రోజంతా రాళ్ల మీదా ఆకుల మీదా మెత్తటి నాచును కొరుకుతూనే ఉంటుంది. ఇది పాచి నిపుణురాలేం కాదు, గాజు మీది చుక్కలు దాని వల్ల పోవు. పైగా పిల్లలను కంటుంది, ఆడా మగా కలిపి తెస్తే నెల నెలా పురుడే. అందుకే రెండు ఆడవాటిని తెమ్మంటారు, అయితే షాపులోనే కడుపుతో ఉన్నది వస్తే చేయగలిగింది లేదు.

కొన్నాక తొందరపాటు పనికిరాదు. సంచిని ట్యాంకులో తేలించి పావుగంట ఉంచడం చేపలకు సరే. నత్తలకూ రొయ్యలకూ సంచి నీళ్లను గిన్నెలో పోసి, సెలైన్ గొట్టం లాంటి సన్నటి పైపుతో ట్యాంకు నీళ్లను చుక్కచుక్కగా గంటసేపు కలపాలి. 50 లీటర్లకు రెండు మూడు నెరైట్‌లు చాలు. అంతకు మించితే పాచి రెండు వారాల్లో అయిపోయి అవి పస్తులుంటాయి. పాచి కనిపించని ట్యాంకులో వీటన్నిటికీ వారానికి రెండు మూడుసార్లు కూరగాయ ముక్క వేయాల్సిందే. తినగా మిగిలినదాన్ని మర్నాడే తీసేయాలి.

ఇప్పటికే ఇంట్లో సక్కర్ ఉన్నవాళ్ల సంగతి మిగిలింది. చిన్నదిగా ఉండగానే షాపుకు తిరిగి ఇచ్చేస్తే చాలామంది తీసుకుంటారు, డబ్బులు రావంతే. నాలుగైదు అడుగుల ట్యాంకున్న హోటలో, ఆస్పత్రో, తెలిసినవాళ్లో ఉంటే అడగొచ్చు. చెరువు, కాలువ, గుడి కోనేరు, గేటెడ్ కాలనీలోని కొలను, వీటిలో ఏదీ దానికి చోటు కాదు. కోనేరు నాలుగు గోడల మధ్యే ఉందికదా అనిపించవచ్చు. భారీ వానకు అది పొంగి కాలువలో కలిసినప్పుడు లోపలున్నవి కూడా కలుస్తాయి. నీళ్లు మార్చినప్పుడు తీసిన నీటిని కూడా వర్షపు కాలువలోకి వదలకుండా పూలకుండీలకు పోయడం మంచిది. అందులో కంటికి కనిపించని నత్త గుడ్లు, రొయ్య పిల్లలు ఉండొచ్చు. తీసేసిన మొక్కలను చెత్తబుట్టలో వేసే ముందు రెండు రోజులు ఎండలో ఆరబెడితే సరిపోతుంది. ట్యాంకులోని చేపల మలంతో నిండిన ఆ నీళ్లంటే గులాబీ మొక్కలకు మహా ఇష్టం.